రోజుకి పది ఇంగ్లీష్ పదాలు సరే, ఏ పది?

పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చదవండి. తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్లు చెల్లెళ్లు, వాళ్లకి ఇంటి దగ్గర చదువు చెప్పే అన్నలు అక్కలు, మన హాస్టళ్లలో పనిచేసే సార్లు, మేడమ్‌లు ముఖ్యంగా చదవాలి.

మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, ఏకలవ్య స్కూళ్లలో చాలాచోట్ల ఇప్పుడు ఒక అలవాటు ఉంది. పొద్దున ప్రేయర్‌లో ‘వర్డ్ ఆఫ్ ది డే’ చదువుతారు. క్లాసులో బోర్డు మీద ఓ మూల ఐదో పదో కష్టమైన ఇంగ్లీష్ పదాలు రాస్తారు, పక్కనే తెలుగు అర్థం. రాత్రి స్టడీ అవర్‌లో అప్పజెప్పాలి. రాకపోతే ఇంపోజిషన్. ఆ పదాలేంటో చూస్తే యుబిక్విటస్, మెటిక్యులస్, ఎలోక్వెంట్, గ్రెగేరియస్, సెరెండిపిటీ. వినడానికి గొప్పగా ఉంటాయి. పిల్ల ఇంటికెళ్లి చెప్తే అమ్మానాన్న మురిసిపోతారు కూడా.

ఉద్దేశం మంచిదే. మన పిల్లలకి కష్టమైన పదాలు వద్దు, సులువైనవి చాలు అనే మాట నేను ఒప్పుకోను. అది మనల్ని తక్కువ చేసే మాట. హైస్కూల్ పిల్లలకి బరువైన ఇంగ్లీష్ పదాలు రావాల్సిందే. నా పేచీ రెండు విషయాల మీద. ఒకటి, పదాల ఎంపిక. రెండు, వాటికి అర్థం చెప్పే తీరు. ఈ రెండూ మార్చకపోతే మన పిల్లల కష్టం వృథా అవుతుంది.

ముందు చిన్న లెక్క చూద్దాం. రోజుకి పది పదాలు, ఏడాదికి 200 పనిదినాలు అనుకుంటే 2000 పదాలు. పదో తరగతి పరీక్షకి వెళ్లేముందు ఆ నోట్‌బుక్ తీసి ఏ పేజీ అయినా అడిగి చూడండి, ఎన్ని మిగిలాయో మీకే తెలుస్తుంది. తప్పు పిల్లలది కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల గుంపుల్ని తానే కంఠస్థం చేసి, ఎంత తొందరగా మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం రాశాడు. మొదటి రోజులోనే సగానికి పైగా పోయింది. గమనించండి, ఆయన తీసుకున్నవి కావాలనే అర్థం లేనివి. మనం పిల్లలకి ఇస్తున్నవి అర్థం ఉన్న పదాలే, కానీ వాళ్ల దగ్గరకి చేరేసరికి అవి కూడా అర్థం లేని అక్షరాల గుంపులే అవుతున్నాయి. మళ్లీ వాడరు, మళ్లీ కనపడవు, ఇక ఎలా నిలుస్తాయి?

మొదటి సంగతి: ఏ పదాలు?

అమెరికాలో ఐసబెల్ బెక్ అనే ఆవిడా, ఆవిడ తోటివాళ్లూ పదాల బోధన గురించి రాస్తూ పదాల్ని మూడు అంతస్తులుగా చూశారు. మొదటిది, రోజూ మాట్లాడుకునేవి: అన్నం, నడక, చెట్టు లాంటివి. మూడోది, ఒక్కో సబ్జెక్టుకి సొంతమైనవి: ఫొటోసింథసిస్, ట్రయాంగిల్ లాంటివి. ఇవి పాఠంలోనే చెప్తారు. మధ్యలో రెండో అంతస్తు ఉంది. మాటల్లో తక్కువ వినపడి, అన్ని సబ్జెక్టుల పుస్తకాల్లోనూ కనపడే పదాలు: అనలైజ్, జస్టిఫై, ఎవిడెన్స్, సఫిషియెంట్, కాన్సిక్వెన్స్. మొదటి అంతస్తు ఎలాగోలా వస్తుంది. మూడోది సైన్స్ సార్ చెప్తాడు. ఈ మధ్యది ఎవరూ చెప్పరు. ఇంట్లో ఇంగ్లీష్ పేపర్ వచ్చే పిల్లలకి గాలిలో వచ్చినట్టు వస్తుంది. మన పిల్లలకి ఆ గాలి లేదు.

న్యూజిలాండ్‌కి చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక జాబితా అచ్చు వేసింది. చదువుకి సంబంధించిన ఇంగ్లీష్ రచనల్ని, మొత్తం 35 లక్షల పదాలు, పోగేసి, వాటిలో అన్ని రంగాల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే 570 పద కుటుంబాల్ని ఏరింది. కాలేజీ చదువుల్లో ఏ పేజీ తీసినా పదింట ఒక పదం ఈ జాబితాలోదే ఉంటుందని తేలింది. యుబిక్విటస్, ఎలోక్వెంట్ లాంటివి అందులో లేవు. జస్టిఫై, ఇలస్ట్రేట్, సఫిషియెంట్ ఉన్నాయి. వాటి పక్కనే కన్సెంట్, కాంపెన్సేషన్ కూడా ఉన్నాయి. ఈ చివరి రెండూ గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తాయి.

ఇప్పుడు ప్రశ్నపత్రం తీయండి. జస్టిఫై అని అడిగితే చాలామంది పిల్లలకి జస్టిస్ గుర్తొస్తుంది, న్యాయం గురించి రాద్దామనుకుంటారు. కంపేర్‌కీ కాంట్రాస్ట్‌కీ తేడా తెలీకపోతే సగం జవాబే రాస్తారు. సీబీఎస్‌ఈ పేపర్లలో అసర్షన్-రీజన్ ప్రశ్నలు వస్తున్నాయి. అక్కడ రెండు వాక్యాలూ నిజమే అయినా, రెండోది మొదటిదానికి కారణమా కాదా అనేది పట్టుకోవాలి. పాఠం వచ్చి, ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకునే పిల్లని చూసి ‘సైన్స్‌లో వీక్’ అని రాసేస్తున్నారు. ఆ పిల్ల వీక్ అయింది సైన్స్‌లో కాదు, ఒక్క క్రియాపదంలో.

విచిత్రం ఏంటంటే ఆ క్రియాపదాలు చెప్పే పనులన్నీ మన ఊళ్లలో తరాలుగా జరుగుతున్నవే. తడి మట్టిలో అడుగు చూసి ఏ జంతువు వెళ్లింది, ఎటు వెళ్లింది, ఎంతసేపయింది అని చెప్పే తాతకి ఇన్ఫర్ అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. ఇప్పచెట్టు కిందకెళ్లి పైకి చూసి ఈ ఏడు ఎన్ని గంపల పువ్వు రాలుతుందో చెప్పే అమ్మ చేసేది ఎస్టిమేట్. తెచ్చిన ఆకుల్లో కూరకి పనికొచ్చేవి, మందుకి పనికొచ్చేవి, పారేయాల్సినవి విడదీసే అవ్వ చేసేది క్లాసిఫై. గడ్డ తవ్వి, మళ్లీ మొలవడానికి తీగనీ కొంత దుంపనీ మట్టిలోనే వదిలి రావడం ఉందే, దాన్నే పుస్తకంలో సస్టైనబుల్ అంటున్నారు. ఊరి పెద్దల ముందు నిలబడి ‘నా మాట ఎందుకు సబబో’ కారణాలతో చెప్పుకోవడమే జస్టిఫై. పని మనది. పేరే పరాయిది. ఆ పేరుని ఈ పనికి కట్టేస్తే పిల్ల జన్మలో మర్చిపోదు.

ఇంకో రకం పదాలు: మన బతుకుని నిర్ణయించేవి

హైస్కూల్ పిల్లలకి ఇవి కూడా నేర్పాలంటాను. ఎందుకంటే చాలా ఇళ్లలో మొదటిసారి ఇంగ్లీష్ కాగితం చదవగలిగే మనిషి తొమ్మిదో తరగతి పిల్లే. ఐటీడీఏ నుంచో, అటవీశాఖ నుంచో కాగితం వస్తే దాని చేతికే ఇస్తారు.

కన్సల్ట్, కన్సెంట్. పలకడానికి దగ్గరగానే ఉన్నాయి. 1996 పెసా చట్టంలో భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో కన్సల్ట్ చేయాలని ఉంది, అంటే అడగాలి, మాట్లాడాలి. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు కన్సెంట్ తీసుకోవాలంది, అంటే ఒప్పుకోవాలి. అడగడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ తేడా తెలీని ఊళ్లో మీటింగ్‌కి వచ్చినట్టు పెట్టిన సంతకమే రేపు ఒప్పుకున్నట్టు చూపిస్తే అడిగేవాళ్లెవరు?

రికగ్నైజ్, గ్రాంట్. 2006 అటవీ హక్కుల చట్టం మన హక్కుని రికగ్నైజ్ చేస్తుంది, అంటే ముందునుంచీ ఉన్నదాన్ని గుర్తిస్తుంది. స్టేజీల మీద మాత్రం ‘పట్టాలు ఇచ్చాం, దానం చేశాం’ అన్నట్టు మాట్లాడతారు. ఈ ఒక్క పదం తెలిసిన పిల్ల, ఇచ్చినోడికి దండం పెట్టడం దగ్గర ఆగిపోదు.

ఎవిక్ట్. అదే చట్టం ప్రకారం, గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న భూమి నుంచి మనల్ని ఎవిక్ట్ చేయకూడదు. అప్పీల్. క్లెయిమ్ మీద గ్రామసభ తీర్మానం నచ్చకపోతే సబ్‌ డివిజనల్ కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువుంది. రిజెక్టెడ్ అనే పదం చదివి, దానికింద అప్పీల్ అనే పదం వదిలేస్తే ఆ 60 రోజులూ ఊరికే గడిచిపోతాయి.

ప్రిజ్యూమ్. మన 1959 భూబదలాయింపు నిబంధన, 1970లో సవరించాక మనం 1/70 అని పిలుచుకునేది, ఏం చెప్తుందో చూడండి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను వేరేగా రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందిగానే ప్రిజ్యూమ్ చేయాలి. అంటే రుజువు భారం మన మీద కాదు, అతని మీద. ఆ బలమంతా ఒక్క పదంలో ఉంది. ఇంతకంటే అడ్వాన్స్‌డ్ పదం ఇంకేం కావాలి?

రెండో సంగతి: తాళానికి తాళం

ఇప్పుడు అర్థం చెప్పే తీరు. ల్యాండ్ ఏలియనేషన్ పక్కన ‘భూమి అన్యాక్రాంతం’ అని రాస్తారు. ఎవాల్యుయేట్ పక్కన ‘మూల్యాంకనం’. ఇన్ఫరెన్స్ పక్కన ‘అనుమితి’. ఇరోజన్ పక్కన ‘క్రమక్షయం’. అన్యాక్రాంతం అనే మాట ఏ గూడెంలో వినపడుతుంది? తెలుగే ఇంటి భాషగా ఉన్న పిల్లలకే అది కొరుకుడు పడదు. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర, కొలామి, లంబాడీ మాట్లాడి వచ్చిన పిల్లకి ఇది తాళం తీయడానికి ఇంకో తాళం ఇచ్చినట్టు.

తెలుగు మనకి రెండో భాష అనే సంగతి బయటివాళ్లకే కాదు, మన టీచర్లకి కూడా అప్పుడప్పుడు గుర్తుండదు. గోండి, కోయ, కువి తెలుగుకి చుట్టాలే. కానీ చుట్టరికం కూడా తికమక పెడుతుంది. గోండిలో ఏర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే పారే వాగు. సవర అయితే అసలు వేరే కుటుంబం, ముండా భాషల్లోది. లంబాడీ ఉత్తరాది భాషలకి దగ్గర. ఇంతమందికీ ఒకే తెలుగు అర్థం బోర్డు మీద రాసి ‘నేర్చుకోండి’ అంటే ఎలా?

అదే ఇరోజన్‌ని, ‘వానకి మీ పోడు చేను మట్టి కిందికి కొట్టుకుపోతుంది కదా, దాన్ని మీ ఇంట్లో ఏమంటారు?’ అని అడిగి చూడండి. క్లాసంతా ఒకేసారి మాట్లాడుతుంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవరలో వాచకాలు రాసి, సవర-ఇంగ్లీష్ నిఘంటువు చేశారు. అది 1938లో అచ్చయింది. సవర నుంచి నేరుగా ఇంగ్లీష్‌కి దారి వేయొచ్చని అప్పుడే తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఇలా ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలుపెట్టారు. మంచి పని. అది చిన్న తరగతుల కోసమే. కష్టమైన పదాలు మొదలయ్యే హైస్కూల్లో మన భాష మళ్లీ గేటు బయటే.

ఎలా చేయొచ్చు?

డబ్బు, జీవో ఏమీ అక్కర్లేని పద్ధతి చెప్తున్నా.

1. రోజుకి పది ఆపి, వారానికి ఎనిమిది పెట్టుకోండి. ఆరు ప్రశ్నపత్రం, పాఠ్యపుస్తకం పదాలు. రెండు హక్కుల పదాలు. 30 వారాలకి 240. తొమ్మిది, పది కలిపి 480. నిజంగా వచ్చిన 480, అప్పజెప్పి మర్చిపోయిన 2000 కంటే చాలా ఎక్కువ.

2. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు. మొదటిదాంట్లో ఇంగ్లీష్ పదం. రెండోదాంట్లో మామూలు తెలుగులో చిన్న వివరణ, నిఘంటువు మాట కాదు. మూడోదాంట్లో మన భాషలో మాట. నాలుగోదాంట్లో పిల్ల సొంతంగా రాసిన ఇంగ్లీష్ వాక్యం, మన ఊరి సంగతితో.

3. మన భాషలో మాట తెలీకపోతే ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగాలి. అవ్వనో తాతనో అడిగితే ఇంకా మంచిది. ఒక్క మాటలో దొరక్కపోతే వాక్యంలో చెప్పించుకోవాలి. ఈ వంకన అంతరించిపోతున్న మన మాటలు కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి.

4. నేర్చిన పదం మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి, నెలకి మళ్లీ చూడాలి. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970ల్లో చీటీల పెట్టె పద్ధతి చెప్పాడు. అట్టపెట్టెలో మూడు నాలుగు అరలు చేసి, వచ్చిన పదం చీటీ వెనక అరలోకి, రానిది మళ్లీ ముందు అరలోకి. ముందు అర రోజూ చూడాలి, వెనక అరలు అప్పుడప్పుడు. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు కోసుకుంటే చీటీలు ఖర్చు కూడా ఉండదు.

5. ఒక పదంతో దాని కుటుంబాన్నీ పట్టుకోవాలి. జస్టిఫై వస్తే జస్టిఫికేషన్ కూడా రావాలి. రికగ్నైజ్‌తో రికగ్నిషన్. ఎవిక్ట్‌తో ఎవిక్షన్.

మీరు అడగబోయేవి

‘కాంపిటీటివ్ పరీక్షల్లో సినానిమ్స్, యాంటోనిమ్స్ అవే అడుగుతారు కదా అన్నా’ అంటారు. నిజమే, అడుగుతారు. ఇంటర్‌లో, డిగ్రీలో అవి నేర్చుకోండి. ముందు గోడ లేపి, తర్వాత రంగు వేద్దాం. పైగా ఆ పరీక్షల్లో ప్యాసేజ్ చదివి అర్థం చేసుకోవడానికి కూడా ఈ మధ్య అంతస్తు పదాలే కావాలి.

‘క్లాసులో మూడు నాలుగు భాషల పిల్లలున్నారు, టీచర్‌కి ఒక్కటీ రాదు’ అంటారు. టీచర్‌కి రావాల్సిన పనిలేదు. పిల్లలకి వచ్చు. ఒక భాష వాళ్లని ఒక గుంపుగా కూర్చోబెట్టి, మాట తేల్చుకుని చెప్పమంటే చాలు. వినడానికి టీచర్‌కి ఓపిక ఉండాలి, అంతే. ఐతే భాష వచ్చిన టీచర్ ఉంటే ఆ దారి పది రెట్లు సులువు. ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని మనం ఉద్యోగాల సంగతిగానే మాట్లాడుకుంటున్నాం. అది మన పిల్లలకి పదం అర్థమయ్యే సంగతి కూడా. జీవో 3 గురించి వినతిపత్రం రాసే అన్నలు ఈ కారణం కూడా అందులో రాయండి.

‘మన భాష కలిపితే ఇంగ్లీష్ పాడవుతుంది’ అంటారు. ఇంగ్లీష్ అంత సున్నితమైన భాషేం కాదు. తెలుగోళ్ల పందికొక్కుని పట్టుకెళ్లి బ్యాండికూట్ చేసుకున్న భాష అది. దొరికిన చోటల్లా తీసుకునే పెరిగింది. మన భాషలో అర్థమైన పిల్ల ఇంగ్లీష్‌లో తడుముకోదు. ఏ భాషలోనూ అర్థంకాని పిల్లే తడుముకుంటుంది.

‘ఇంగ్లీష్ లేకుండానే మన పెద్దలు గెలవలేదా’ అని కూడా ఒక మాట ఉంది. గౌరవించాల్సిన మాటే. ఒడిశాలో నియమగిరి కొండల మీద 2013లో 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. వాళ్లు వద్దన్నది తమ భాషలోనే. కానీ ఆ గ్రామసభలు పెట్టాలని తేలింది సుప్రీంకోర్టులో, ఇంగ్లీష్‌లో. రెండు చోట్లా మాట పట్టున్నవాళ్లు కావాలి. మన పిల్లలు ఆ రెండు చోట్లా నిలబడగలగాలని నా కోరిక.

పీఓ గారి దాకా వెళ్లాల్సిన పని కాదిది. సెలవుల్లో ఊరికొచ్చిన డిగ్రీ స్టూడెంట్ ఒక్కరు, ఒక హాస్టల్‌తో మొదలుపెట్టొచ్చు. పోయిన ఐదేళ్ల పదో తరగతి పేపర్లు ముందేసుకుని, ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చిన క్రియాపదాల కింద గీతలు గీస్తే జాబితా తయారవుతుంది. ఒక సాయంత్రం పని.

మన గ్రూపులో ఉట్నూరు నుంచి సీతంపేట దాకా అన్ని భాషల వాళ్లూ ఉన్నాం. ఈ వారానికి ఎనిమిది పదాలు పెడుతున్నా: జస్టిఫై, ఇన్ఫర్, కంపేర్, కాంట్రాస్ట్, ఎస్టిమేట్, ఎవిడెన్స్, కన్సల్ట్, కన్సెంట్. మీ ఇంట్లో వీటిని ఏమంటారో, భాష పేరు, మండలం పేరుతో కామెంట్లో రాయండి. ఒకే భాషలో రెండు మూడు రకాలుగా చెప్పినా గొడవ పడొద్దు, అన్నీ రాయండి. తెలీకపోతే ఈ రాత్రికి ఇంటికి ఫోన్ చేసి అడగండి. చివరి రెండు పదాల దగ్గర మాత్రం జాగ్రత్త. అడగడానికీ ఒప్పుకోవడానికీ మన ప్రతి భాషలోనూ వేరే వేరే మాటలు ఉండే ఉంటాయి. ఆ రెండూ కలిసిపోకుండా రాయండి.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.